కప్పు కట్టిన మనిషి

"దిగండి! ఎవరు మీరు? మా ఇంటి కప్పు మీద ఏం పని?"

ఫువాటినో అరుపు సగం గాలికి కొట్టుకుపోయింది.

కప్పు మీది మనిషి తల తిప్పలేదు. నోట్లో మేకులున్నాయి. ఎగిరిపడుతున్న రేకును మోకాలితో అదిమిపట్టి, మేకు దిగ్గొట్టాడు.

సాయంత్రానికల్లా తుఫాను సవాయీ దీవి తీరం మీద పడుతుందని రేడియో పొద్దుటి నుంచీ మొత్తుకుంటోంది. ఊళ్లో మగవాళ్లంతా ఒకరి ఇంటి కప్పుకొకరు తాళ్లు బిగిస్తున్నారు.

ఫువాటినో ఇంటి వైపు మాత్రం ఎవరూ రాలేదు.

ఆమె భర్త పెలెనాటో తాగి లారీ నడిపాడు. పడమటి ఊరి కుర్రాడు ఇలాలియో ఆ చక్రాల కింద పడి చనిపోయాడు. పెలెనాటో ఇప్పుడు అపియా పట్నం జైల్లో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ఫువాటినో, కాళ్లు పడిపోయిన ఆమె అత్త మసినా.

"మా ఆయన ఎక్కడున్నాడో తెలిసే ఎక్కారా?"

"తెలుసమ్మా."

"ఏం చేశాడో?"

సుత్తి ఒక్క క్షణం ఆగింది.

"అదీ తెలుసు. ఆ తాడు ఇలా విసురు."

ఆమె విసిరింది. కానీ మనసు కుదుటపడలేదు. ఈ ఇంటిని వింతగా చూసిపోవడానికి వచ్చినవాళ్లు చాలామందే. మేకులు పట్టుకుని వచ్చినవాడు ఇతనొక్కడే.

"మీ ఊళ్లో ఇళ్లకు కప్పుల్లేవా?"

"ఉన్నాయి. మాది పొద్దున్నే కట్టేశా."

లోపల్నుంచి మసినా కేకేసింది. "ఒసే, ఆ నాయనకు కాస్త కోకో కాచివ్వవే! పైకెక్కిన మనిషిని కిందనుంచి కాల్చుకు తింటావేం?"

"పొయ్యే ఎగిరిపోతుంటే కోకో ఎక్కడిది అత్తా!"

మళ్లీ పైకి చూసింది. "పాస్టరుగారు పంపారా?"

"ఎవరూ పంపలేదు."

"మరెందుకొచ్చారు?"

అతను ముడి బిగించి, పళ్లతో లాగి, అప్పుడు జవాబిచ్చాడు.

"ఈమధ్య ప్రార్థనలో ఒక మాట దగ్గర నోరు పెగలడం లేదమ్మా. చేతుల్తోనైనా చెబుదామని."

పిచ్చివాడనుకుంది. భయం ఇంకాస్త పెరిగింది.

అంతలో సముద్రం రోడ్డెక్కింది.

అతను గబగబా దిగాడు. ఎవరినీ అడక్కుండా లోపలికెళ్లి మసినాను వీపున వేసుకున్నాడు. గుట్ట మీది చర్చి వైపు పరుగులాంటి నడక. ఫువాటినో వెనకాలే తడబడుతూ వచ్చింది.

వీపు మీది ముసలామె నోరు ఊరుకోలేదు.

"ఆ పిల్లాడి తల్లి నా కొడుకును శపిస్తూనే ఉంటుంది నాయనా. తలుచుకుంటే కూడు దిగదు. వెళ్లి వాళ్ల వాకిట్లో తల వంచుదామంటే మావాళ్లెవరూ కదలరు."

అతను ఆగిపోయాడు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి.

"నడవండయ్యా! ఆగుతారేం?" ఫువాటినో కసురుకుంది.

అతను కదిలాడు. "శపించడం లేదులే అమ్మా" అన్నాడు.

"నీకేం తెలుసు!" అంది మసినా.

అతను ఆమెను వీపు మీదికి ఇంకాస్త ఎగదోసుకుని అడుగు వేగం పెంచాడు.

చర్చిలో అత్తను పడుకోబెట్టి ఫువాటినో తలెత్తేసరికి అతను లేడు. వానలోకి దిగి వెళ్లిపోయాడని తలుపు దగ్గరివాళ్లు చెప్పారు.

పేరైనా అడగలేదు. గుక్కెడు నీళ్లయినా ఇవ్వలేదు.

ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది. తలుపు కొట్టుకున్నప్పుడల్లా లేచి వెళ్లి చూసింది. ప్రతిసారీ గాలే.

మర్నాడు ఇంటికొస్తే, అటూ ఇటూ ఇళ్లకు రేకులు లేవు. తన ఇంటికి ఒక్కటీ ఊడలేదు.

"ఎవరు కట్టారే?" పక్కింటావిడ నోరు తెరిచింది.

"తెలీదు" అంటుంటే ఫువాటినోకు సిగ్గేసింది. ముక్కూమొహం తెలియని మనిషి తన గడప తొక్కగలిగాడు. తను మాత్రం తొక్కాల్సిన ఒక్క గడపా తొక్కలేకపోయింది.

పెట్టె తెరిచి, మసినా పెళ్లినాటి మెత్తని చాప బయటికి తీసింది.

"నేను వెళ్తానత్తా."

"రాళ్లేస్తారేమోనే!"

"వేయనీ."

పడమటి ఊళ్లో, ఇలాలియో ఇంటి ముందు మోకరిల్లి, చాపను తల మీద కప్పుకుంది. క్షమించమని అడిగేవాళ్లు అలాగే ఉండాలని అక్కడి ఆచారం. ఆ ఇంటివాళ్లు వచ్చి చాప తీసేదాకా లేవకూడదు.

ఎండెక్కింది. చాప కింద ఊపిరాడలేదు. ఎవరో వచ్చి నిలబడి, వెళ్లిపోయారు. లోపల ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

లేచి పారిపోదామా అనిపించింది. నేలను గట్టిగా పట్టుకుంది.

మళ్లీ అడుగుల చప్పుడు. ఈసారి దగ్గరికి వచ్చి ఆగింది.

చాప లేచింది. వెలుగుకు కళ్లు చికిలించి, పైకి చూసింది.

"కప్పు నిలిచిందా అమ్మా?" అంటూ, లేవమని చెయ్యి అందించాడు ఇలాలియో తండ్రి.