పంది ఉడకాలంటే

“రానన్నావట కదక్కా?” అన్నాడు ఎనోకా, వాకిట్లో నిలబడ్డ అక్కని చూసి.

హౌనానీ చేతుల్లో రెండు పళ్ళేల హౌపియా ఉంది. తెల్లటి కొబ్బరి ముక్కలు, ఒక్కటీ అంచు విరగలేదు. ఆమె తమ్ముడి వైపు చూసింది. తర్వాత అతని వెనక చేమదుంప ముద్ద కలుపుతున్న మరదలు మోమి వైపు చూసింది. మోమి చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది.

“మనసు మార్చుకున్నాను లేరా. మేనల్లుడి మొదటి పుట్టినరోజు లువావు విందుకి మేనత్త లేకపోతే ఎలా?” అంది హౌనానీ.

అసలు సంగతేమిటంటే, మోమి ఆమెని పిలవనే లేదు. పిలిచానని, రానందని మొగుడితో చెప్పింది. వదిన వస్తే ఊరికే కూర్చోదు మరి. ప్రతి గిన్నెలో వేలు పెట్టి రుచి చూస్తుంది, ఉప్పు మళ్ళీ వేస్తుంది, తిన్నవాళ్ళు వంటంతా ఆమెదే అనుకుని వెళ్తారు. ఈ ఒక్క రోజు తన ఇల్లు తనదిగా ఉండాలనుకుంది మోమి. అంతే.

వచ్చి నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. చెప్పులు విప్పి, పిల్లాడు కావికాని చంకనేసుకుని, అరటాకులు తుడవడానికి కూర్చుంది. ఉప్పు జోలికే పోలేదు. “ఇంత పనీ నువ్వొక్కదానివే చేశావా పిల్లా? బాగుంది,” అంది. మోమి తలెత్తకుండా మళ్ళీ ముద్ద కలపసాగింది.

అంతలో పెరట్లోంచి పిలిపో బాబాయ్ కేక వినిపించింది. తెల్లవారకముందే కాలిన రాళ్ళ మీద పందిని పడుకోబెట్టి, ఆకులూ తడి గోనెలూ కప్పి, పైన మట్టి పోసి ఇము గుంత మూసింది ఆయనే. ఇప్పుడు ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

“చాలినంత వేడి లేదు,” అన్నాడు.

“మొన్నటి వానకి నేలింకా తడిగా ఉందేమో బాబాయ్,” అన్నాడు ఎనోకా.

“నలభై ఏళ్ళుగా ఇము మూస్తున్నాను, నేల సంగతి నాకు చెప్తావురా? రాళ్ళు ఎర్రగా కాలాయి. ఆవిరి కోసం అరటిబోదెలు నేనే చితక్కొట్టాను. ఎవరో మనసులో ఏదో పెట్టుకుని దీని చుట్టూ తిరిగారు, అలాగైతే పంది ఉడకదు. ఉంటే ఇప్పుడే కక్కేయండి. నాలుగింటికి మట్టి తియ్యాలి.”

పక్కింటి లోపకా బుర్ర గోక్కున్నాడు. “పిలిపో, నీ వల చింపింది నేనే.”

“నాకు తెలుసులే. ఆ మాత్రానికి పంది ఉడకడం మానదు. కొత్త వల తెచ్చియ్యి, చాలు.” ఆయన చూపు మోమి మీదికి మళ్ళింది. “అమ్మాయ్, తెల్లవారుజామున పందికి ఉప్పు రాసిందెవరు?”

“నేనే మావయ్యా.”

“ఏమాలోచిస్తూ రాశావు?”

వదిన రాకపోతే బాగుండునని అనుకుంటూ రాసింది మోమి. పొట్ట లోపలా, చర్మం మీదా, చెవుల వెనకా, ప్రతి పిడికెడు ఉప్పుతోనూ అదే. సాయంత్రానికి నూట యాభై మంది వస్తారు. పచ్చి పందిని బయటికి తీస్తే, మొలోకాయి దీవిలో ఆ మాట కావికా పెళ్ళి దాకా చెప్పుకుంటారు.

తడి చేతులు గౌనుకి తుడుచుకుని నేరుగా హౌనానీ ముందుకు వెళ్ళి నిలబడింది.

“వదినా, నిన్ను నేను పిలవలేదు. నువ్వు రానన్నావని మీ తమ్ముడితో అబద్ధం చెప్పాను. నువ్వొస్తే నన్నెవరూ పట్టించుకోరని భయమేసింది. తప్పు నాదే.”

“మోమీ!” అన్నాడు ఎనోకా.

హౌనానీ చంకలో పిల్లాణ్ణి తమ్ముడి చేతికిచ్చింది. మోమి తలని రెండు చేతుల్లోకి తీసుకుని, నుదుటికి నుదురు, ముక్కుకి ముక్కు ఆనించింది.

“పిచ్చిదానా! అదెప్పుడో మర్చిపోయాను. ఏడవకు, పిల్లాడు బెదురుతాడు.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. లోపకా ఉకులేలే అందుకున్నాడు. మోమికి పొద్దుటి నుంచీ గుండె మీదున్న రాయి దిగిపోయింది. తనే వెళ్ళి వదినకి గరిటె ఇచ్చి, “ఉప్పు చూడు వదినా,” అంది. హౌనానీ చూసింది. రెండు గిన్నెల్లో మళ్ళీ వేసింది కూడా.

నాలుగింటికి మగాళ్ళు మట్టి లాగేశారు. గోనెలు ఎత్తారు. ఆకులు తీస్తుంటే లేచిన వాసనకి పిల్లలంతా కేరింతలు కొట్టారు. పిలిపో బాబాయ్ వంగి పంది వెనకకాలి ఎముక పట్టుకుని లాగాడు. ఉడికితే అది వెన్నలోంచి పుల్ల వచ్చినట్టు చేతికొచ్చెయ్యాలి.

రాలేదు. కత్తితో కోశాడు. లోపల గులాబీ రంగు, సన్నగా నెత్తురు.

ఉకులేలే ఆగిపోయింది.

“నేను చెప్పేశాను కదా మావయ్యా!” అంది మోమి, ఏడుపు గొంతుతో. “ఇంకేమీ దాచుకోలేదు, పిల్లాడి మీద ఒట్టు!”

“నీది అయిపోయింది తల్లీ, నాకు తెలుసు,” అన్నాడు పిలిపో బాబాయ్. కత్తి ఆకు మీద పెట్టి, నెమ్మదిగా ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చాడు. ఆయన చూపు హౌనానీ దగ్గర ఆగింది.

హౌనానీ చేతిలో గరిటె కింద పెట్టింది.

“ఈ పిల్లని క్షమిద్దామని మధ్యాహ్నం నుంచీ చూస్తూనే ఉన్నాను బాబాయ్, నావల్ల కావడం లేదు.”