తెరుచుకోని ఫోల్డర్

కిర్రు… కిర్రు… టక్.

ప్రింటరు ఒక్క కాగితాన్ని కక్కి ఊరుకుంది. పురపాలక భవనంలో హాలంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరుసలో మబ్రూకా రెండు అరచేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని, పెదవులు కదిపింది.

హజ్ యాత్రికులను ఎంచే లాటరీలో ముప్పై ఐదు పేర్లు అయిపోయాయి. ఊరికి దక్కిన చోట్లలో మిగిలింది ఒక్కటే.

వేదిక మీద కంప్యూటర్ నడుపుతున్న ఫవ్జీ కాగితం అందుకుని చూశాడు. పక్కనే నిలబడ్డ మేయరుకు చూపాడు. తరవాత దాన్ని ఉండచుట్టి బల్ల కిందికి విసిరేశాడు.

“పేరు కాదు, ఉత్త పరీక్ష కాగితం” అన్నాడు మైకులో. “లాటరీ ప్రోగ్రాం పాతకాలంది. ఈ కొత్త కంప్యూటర్లో నడవదు. అందుకని దీని కడుపులోనే ఇంకో కంప్యూటర్ పెట్టాం. వర్చువల్ మెషీన్ అంటారు. పేర్ల జాబితా బయట, లాటరీ లోపల. రెంటికీ మధ్య కిటికీలా ఒక షేర్డ్ ఫోల్డర్. ఇందాకటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు తెరుచుకోవడం లేదు.”

“ఇంట్లోనే ఇంకో ఇల్లా? మా కోడలూ అదే అడుగుతోందయ్యా!” అని వెనకనుంచి ఒక ముసలాయన అరిచాడు. హాలు గొల్లుమంది.

మబ్రూకా నవ్వలేదు. పదకొండేళ్లుగా ఆమె ఈ హాలుకు వస్తోంది. పదకొండేళ్లుగా పరాయి పేర్లు వింటోంది. భర్త బతికున్నన్నాళ్లూ ‘ఇదిగో’ అన్నాడు. ఊరు ఊరంతా ‘రొట్టెల పిన్ని’ అంది. తన పేరును పైకి పలికిన గొంతు ఏదో, ఎప్పుడో, ఆమెకే గుర్తు లేదు. కుడికన్ను ఇదివరకే ఆరిపోయింది. ఎడమకన్ను ఈ ఏడాది దాటదని అల్జియర్స్ డాక్టరు తేల్చేశాడు. మక్కాలో కాబాను కళ్లారా చూడాలంటే ఈ ఏడే. ఈ ఒక్క చోటే.

“తొందరేం లేదు నాయనా, నిదానంగా చూసుకో. అల్లా నీ చేతులకు బలమివ్వాలి” అంది ఫవ్జీతో. ఫవ్జీ పక్కింటివాడే. ఆమె పెనం మీది రొట్టె తిని పెరిగినవాడే.

“సరే పిన్నీ” అన్నాడు, తలెత్తకుండా. మళ్లీ మైకు అందుకున్నాడు. “ఫోల్డర్ పేరు సరిగ్గానే ఉంది. అనుమతులూ ఉన్నాయి. లోపలి యంత్రాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పుతున్నా. జరిగింది మరిచిపోయి మళ్లీ కొత్తగా మొదలుపెడుతుంది.”

కిర్రు… కిర్రు… టక్.

రెండో కాగితం. ఫవ్జీ చెవులు ఎర్రబడ్డాయి. అదీ ఉండైంది. అదీ బల్ల కిందికి పోయింది.

కిర్రు… కిర్రు… టక్.

“మళ్లీ అదే!” ఫవ్జీ బల్ల మీద చరిచాడు. “ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అదే!”

“ఏదో ఒకటి చెయ్యవయ్యా” అన్నాడు మేయరు, మెడ తుడుచుకుంటూ.

మూడో ఉండ దొర్లుకుంటూ వచ్చి మబ్రూకా చెప్పుకు తగిలింది. ఆమె వంగి తీసింది. మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. మంచి కాగితం, మందంగా ఉంది. వేదిక అంచు దాకా దొర్లిన మిగతా రెండూ చేయి చాచి ఏరుకుంది. చదువు రాని ఆమెకు కాగితమంటే రొట్టెలు చుట్టేదే.

“ఏంటక్కా, హజ్‌కు పోదామని వచ్చి చెత్త ఏరుతున్నావ్?” అంది పక్కనున్న వర్దియా. ఆమె ఒకప్పటి బడిపంతులమ్మ; నోరు ఇంకా పదవీ విరమణ చెయ్యలేదు.

“చుట్టకుండా ఇస్తే, చేతికి నూనె అంటిందని రేపు సణిగేది నువ్వే కదటే!”

వేదిక మీద ఫవ్జీ మేయరు వైపు వంగాడు. మాట మెల్లగానే అన్నా, ముందు వరుసకు వినబడింది.

“దొరికింది. లోపల తిప్పి లాభం లేదు. బయట, జాబితాలోనే ఒక వరుస అడ్డుపడుతోంది. దాన్ని తీసి, ఆ చోట్లో ఇంకోటి పెడతా.”

“తీసెయ్ నాయనా, తీసెయ్” అంది మబ్రూకా ఆత్రంగా. “అడ్డుపడేదాన్ని ఎందుకుంచుతావ్!”

ఫవ్జీ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తరవాత టకటకమన్నాయి.

కిర్రు… కిర్రు… టక్.

ఈసారి కాగితం ఉండ కాలేదు. మేయరు దాన్ని రెండు చేతులా పట్టుకుని మైకులో చదివాడు. “ముప్పై ఆరో చోటు… బాయా జర్రూకీ!”

బాయా మేయరు అత్తగారు.

“ఇంకెవరిది వస్తుందిలే!” అంది వర్దియా పళ్లు కొరుకుతూ.

“ఛీ, ఆ మాట అనకే. పిలిచేది ఆ పైవాడు, మనుషులా?” మబ్రూకా చెంగుతో ఎడమకన్ను అద్దుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ, అందరికంటే ముందు ఆమే ఆనందపు కేక వేసింది. ఆ కేక వెంట హాలంతా కేకలేసింది. వెళ్లేటప్పుడు వేదిక దగ్గరికి పోయి ఫవ్జీ తల నిమిరింది.

“అలిసిపోయావు నాయనా. రేపు రా, వేడి రొట్టె పెడతా.”

ఫవ్జీ తీగలు చుట్టుకుంటున్నాడు.

బయట మెట్ల మీద ఎండ కాస్తోంది. మబ్రూకా బుట్ట దించి, మూడు రొట్టెలను మూడు కాగితాల్లో చుట్టి వర్దియా చేతికిచ్చింది. ఆకలి మీదున్న వర్దియా ఒకటి విప్పింది. నమలబోయి ఆగింది. కళ్లద్దాలు పెట్టుకుంది. గబగబా రెండోది విప్పింది. మూడోదీ విప్పింది.

“ఏమిటే, రొట్టె మాడిందా?” అంది మబ్రూకా.

వర్దియా మూడు కాగితాలనూ ఒడిలో వరసగా పరిచి, మెట్లు దిగుతున్న జనమంతా వెనక్కి తిరిగేలా, ఒకదాని తరవాత ఒకటిగా మూడింటినీ గొంతెత్తి చదివింది. “ముప్పై ఆరో చోటు, మబ్రూకా బెల్‌హాష్మీ… ముప్పై ఆరో చోటు, మబ్రూకా బెల్‌హాష్మీ… ముప్పై ఆరో చోటు, మబ్రూకా బెల్‌హాష్మీ!”