పై గల్లీ నల్లా

"ఏం ఇస్సాకూ, వీళ్ల నల్లా ఎన్నడు బాగుజేస్తవ్? గింత ఎండల బిందెలెత్తుకొని మిట్టకు ఎక్కుతున్నరు. నీకు కనవడ్తలేదా?"

సక్కుబాయి గడప మీద కూర్చుని, బిందెలతో నిలబడ్డ పై గల్లీ ఆడవాళ్లను చూపిస్తూ నిలదీస్తోంది. గల్లీ గల్లీ తిరిగి నీళ్లు వదిలే ఇస్సాకు తల వంచుకున్నాడు.

"సామాను రాలేదు పెద్దమ్మా. రాంగనే చేస్త."

"ఉగాది ముందట్నుంచి గదే మాట!"

ఆ గొంతు వింటే లాల్‌దర్వాజాలో అందరికీ ముచ్చటే. ఏడాదిపాటు అది వినబడలేదు మరి. పోయినేడు కర్ఫ్యూలో ఆమె భర్త గుండయ్యకు గుండెనొప్పి వచ్చింది. సక్కుబాయి ఎన్ని కేకలు వేసినా పోలీసుల భయంతో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గుండయ్య పోయాడు. కర్ఫ్యూ ఎత్తేశాక అందరూ వచ్చి పిలిచారు. "నాడు రానోళ్లు ఇప్పుడెందుకు?" అని సక్కుబాయి తలుపు వేసుకుంది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేకపోయారు. తలెత్తుకోనూ లేకపోయారు.

ఎండలు మొదలయ్యాక పై గల్లీ నల్లా చెడిపోయింది. అక్కడి ఆడవాళ్లు సక్కుబాయి ఇంటి ముందున్న నల్లాకు దిగి రాసాగారు. బిందెల వరస, ఎవరిది ముందని లొల్లి. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకనాడు సక్కుబాయి తలుపు తీసి అందరినీ కడిగిపారేసింది. మర్నాడు వరస తనే చూసింది. వాళ్లలో ఆండాలు కడుపుతో ఉందని తెలిసి ఆమె బిందె ముందుకు జరిపించింది. ఇప్పుడు నల్లా దగ్గర ఆమె చెప్పిందే చట్టం.

"ఇగ నీతోని గాదు. నేనే నీళ్ల ఆఫీసుకొచ్చి మీ సార్‌ను అడుగుత," అని సక్కుబాయి లేచింది.

ఆడవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దది లలితమ్మ అడ్డుపడింది. "ఎండ మస్తున్నది పెద్దమ్మా. మేం మోసుకుంటం తియ్."

"నాకు జూడబుద్ది గాదు బిడ్డా. నాడు నా తలుపుకు ఎవ్వలు రాలే. గట్లని నేను గూడ గట్లనే ఉండాల్నా?"

లలితమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సక్కుబాయి తలుపుకు తాళం వేసి, చెప్పులు తొడుక్కుని గల్లీలోకి దిగింది. ఆండాలు చెయ్యి పట్టుకుంది. మూలమీద పాలు పోస్తున్న రాజన్న ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "బాగున్నవా వదినా?" అన్నాడు. "బాగనే ఉన్న," అంది సక్కుబాయి.

వెనక సైకిల్ నడిపించుకొస్తున్న ఇస్సాకు లలితమ్మ చెవిలో గొణిగాడు. "అక్కా, ఆఫీసుల సార్‌కు ఏం జెప్పాలె?"

"గది నీ ఫికర్. ఆమె బయటికొచ్చింది, మాకు గది సాలు. ఇంకెన్ని దినాలైనా మోస్తం."

పై గల్లీ నల్లాలో ఉగాది నుంచే నీళ్లు వస్తున్నాయి.