తీగ మాటా, అత్తగారి మాటా

“బాబూ, తీగ పూర్తిగా దిగిపోయిందే!” ముందు సీట్లోంచి అత్తగారు అరిచారు.

వెనక సీట్లో విమానం నడుపుతున్న అల్లుడు ఉలిక్కిపడ్డాడు. తీగను తనొక్కడే గమనిస్తున్నాననుకున్నాడు ఇంతసేపూ.

“మన బెండు సంగతి మీకు తెలియందేముంది అత్తయ్యగారూ! ముసలిదైపోయింది. నానిపోయి మునిగుంటుంది!” ఇంజను రొదను మించి అరిచాడు.

“అంతేనంటారా?”

“అంతే!”

“అంతేలెండి,” అని ఆవిడ సంచీ ఒళ్ళోకి లాక్కుని ముందుకి తిరిగారు.

ఆ విమానం వయసులో అతని కంటే చాలా పెద్దది. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లూ గిల్లూ దానికి లేవు. ముందు అద్దానికి అవతల ట్యాంకు, దాని మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక తీగ, లోపల ఆ తీగ కొసకు గుచ్చిన బెండు ముక్క. పెట్రోలు ఉంటే బెండు తేలుతుంది, తీగ పైకి లేస్తుంది. తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ట్యాంకులో కావలసినంత ఉన్నా ఆ బెండు ఒక్కోసారి నాని బుడుంగున మునిగేది. అందుకే బయల్దేరే ముందు కర్ర ముంచి చూడడం మామగారు పెట్టిన పద్ధతి. ఆ కర్ర పని మొదటినుంచీ అత్తగారిదే. మామగారు పోయినా పద్ధతి పోలేదు.

ఈరోజు పొద్దున కూడా అంతే. అతను చక్రాలకు గాలి కొడుతుంటే ఆవిడ స్టూలెక్కి కర్ర ముంచి, బయటికి తీసి వెలుతురులో పెట్టి చూసి, ఒక్క మాటలో సంగతి చెప్పారు. “మంచిది అత్తయ్యగారూ,” అన్నాడతను. ఆవిడ చీర మార్చుకోవడానికి లోపలికెళ్ళారు. ఒకటికి రెండుసార్లు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఎదురడిగే చొరవ అతనికి లేదు.

అసలు ఆవిడ ముందు నోరు విప్పాలంటేనే జంకు. హాస్టళ్ళలో పెరిగినవాడు. పెళ్ళయిన కొత్తలో కరెంటు పోయినప్పుడు, “దీపం కొండెక్కింది, కాస్త చూడండి బాబూ” అని ఆవిడంటే, ఏ కొండా అని కిటికీలోంచి తొంగిచూశాడు. ఆ చీకట్లోనే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ భార్యే ఇప్పుడు అడవికి అవతలి పట్నంలో, ఆస్పత్రి మంచం మీద నొప్పులు పడుతూ, అమ్మను తీసుకురమ్మని కబురు పెట్టింది.

కింద పొలాల వరస ముగిసిపోతోంది. చివరగా కోత కోసేసిన చేను ఒకటి, చాప పరిచినట్టు చదునుగా ఉంది. దాని గట్టు దాటితే ఇక అడవీ, రాళ్ళ గుట్టలూ. అక్కడ ఇంజను ఆగితే ఎముకలు ఏరడానికి కూడా ఎవరూ రారు. దిగితే ఇక్కడే దిగాలి.

విమానాన్ని పక్కకు వంచి చేను మీద ఒక చుట్టు తిప్పాడు. తీగ పైకొసన ఉన్న వంకీ మూతకు ఆనుకుపోయింది. బయల్దేరినప్పుడు వేలెడంత పైకి ఉండి ఎగిరెగిరి పడిన తీగ, విమానం ఇంత వంగినా కదల్లేదు.

“ఎందుకు తిప్పుతున్నారు బాబూ? దిగుతున్నామా?”

దిగుదామనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దిగితే ఇక్కణ్ణించి రోడ్డెక్కేసరికే సాయంత్రమవుతుంది. అక్కడ ఆమె ఒంటరిగా ఉంది. పైగా, ఎందుకు దిగావంటే ఏం చెప్పాలి? పిల్లనిచ్చిన అత్తగారు స్వయంగా చూసి చెప్పిన మాట కాదని, నానిన బెండు మాట నమ్మాననా?

“ఊరికే! గాలి ఎటుందో చూశాను!”

“అనుమానంగా ఉంటే దిగుదాం బాబూ.”

“నాకేం అనుమానం! మీకేమైనా ఉందా?”

“నాకెందుకుంటుంది! మీరసలే జాగ్రత్త మనిషి.”

ఆ మాటతో అతను విమానం ముక్కు అడవి వైపు తిప్పాడు. చేను వెనకబడిపోయింది.

ఇక చూద్దామన్నా చదును నేల లేదు. చెట్ల మీద చెట్లు. అతను ఇంజను చప్పుడే వింటున్నాడు. రోజూ వినే చప్పుడే, ఇవాళ ప్రతిదీ కొత్తగా, చెడ్డగా వినిపిస్తోంది. వెనక్కి తిరుగుదామా అనుకునేసరికి వెనకా అడవే, ముందూ అడవే.

ఇంజను ఒకసారి దగ్గింది. మళ్ళీ అందుకుంది.

“బాబూ!”

“ఏం లేదు, ఏం లేదు!”

రెండోసారి దగ్గింది. ఈసారి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. గిర్రున తిరిగే పంకా రెక్కలు ఒక్క క్షణం విడివిడిగా కనిపించి, మళ్ళీ కలిసిపోయాయి. అత్తగారు రెండు చేతులతో సీటు కమ్మీ పట్టుకున్నారు. అది చూసి అతను తన భయాన్ని దిగమింగుకున్నాడు. పెద్దావిడకు ధైర్యం చెప్పడం ఇప్పుడు తన బాధ్యత.

“భయపడకండి అత్తయ్యగారూ! ఈ తీగ ఎన్ని వేషాలేసినా మీ కర్ర అబద్ధమాడదు కదా! మీ మాట మీద భరోసాతోనే ఆ చేను కూడా వదిలేసి వచ్చాను!”

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగారు.

“నా మాట మీదా? అంటే, మీరు పెట్రోలు పొయ్యలేదా బాబూ? పొద్దున చెప్పాను కదా, నిండుకుందని!”