అప్పలసూరి ఇంగ్లీషు

"మళ్ళీ అడుగుతున్నాను. అన్‌లెస్ అంటే?"

అప్పలసూరి కళ్ళు మూసుకున్నాడు. "గేటు ముయ్యకపోతే రైలు రాదు. ఆ 'కపోతే' ఉంది సూడండి, అదేనండి అన్‌లెస్."

మణిమాల చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. భిలాయి పక్కన కోహ్కాలో ఇంటి వరండా మీద పన్నెండేళ్ళుగా ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతోంది. కాలేజీ పిల్లలు కూడా ఆ మాటను ఇంత సూటిగా చెప్పలేదు.

అప్పలసూరి చరోదా రైల్వే యార్డులో రోజుకూలీ ఖలాసీ. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి తండ్రి వెంట చిన్నప్పుడే భిలాయి వచ్చేశాడు. ఆ ఏడాది, డెబ్భై ఎనిమిదిలో, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగాలు పడ్డాయి. పర్మినెంటు. రూల్సు పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి చదవమంటారు, అర్థం చెప్పమంటారు. అతనికి ఆ చలికాలంలో ముప్ఫై అయిదు నిండుతాయి. ఇక ఆ తరవాత దరఖాస్తు పెట్టడానికే వీల్లేదు.

మొదటి రోజే ఆవిడ అడిగింది, "ఎందాకా చదివావు?" అని.

"పదేళ్ళకే పన్లోకి దించీసినారమ్మా. ఏబీసీడీలు మాత్రం వచ్చునండి. వేగన్ల మీద రాతలు సూసి సూసి పట్టీసినాను."

నాలుగో అయిదో చదివి బడి మానేసి ఉంటాడనుకుందావిడ.

డ్యూటీ దిగి, ఒంటి నిండా బొగ్గు దుమ్ముతో, ఎర్రటి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. పంపు దగ్గర మొహం కడుక్కుని వరండా చివర కూర్చునేవాడు. చూసి రాయమంటే రాసేవాడు, వినమంటే వినేవాడు. విన్నది మరిచిపోవడం అతనికి తెలియదు. మూడు వారాల కిందట చెప్పిన నలభై మాటలు వరస తప్పించి అడిగితే నలభైకీ అర్థం చెప్పాడు. ఆ రోజు మణిమాలకు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఒకసారి తన పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెచ్చి ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకుని, నాలుగు పేజీలు తిప్పి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

"ఇది నాకొద్దమ్మా. మీ నోటంట ఇంటేనే బుర్రకెక్కుతాది."

"ఇంట్లో చూసుకోవడానికి పనికొస్తుందయ్యా."

"మీరుండగా పుస్తకమెందుకండి."

ఎంత పట్టుదల, అనుకుందావిడ. అతని నోటుబుక్కు చూశాక ఆ ఆశ్చర్యం ఇంకా పెరిగింది. మిగతా పిల్లలు ప్రతి ఇంగ్లీషు మాట పక్కనా తెలుగులో అర్థం రాసుకునేవాళ్ళు, పలకడం కూడా తెలుగులోనే రాసుకునేవాళ్ళు. అతని పుస్తకంలో అర్థాలుండవు, బొమ్మలుంటాయి. డిలే పక్కన బీడీ కాలుస్తూ గొంతుక్కూర్చున్న మనిషి. డిరైల్ పక్కన పక్కకి ఒరిగిన చక్రం. డేంజర్ పక్కన అతని భార్య గున్నమ్మ.

మణిమాల నవ్వాపుకోలేక ఆ పుస్తకం పిల్లలందరికీ చూపించింది. "చూడండి, ఇతనికి తెలుగు ఊతకర్ర అక్కర్లేదు. భాష నేర్చుకోవడమంటే ఇదీ. రేపటినుంచి మీరెవరూ తెలుగులో రాసుకోకూడదు." అప్పలసూరి తల వంచుకున్నాడు. వినయం అనుకున్నారంతా.

ఎనిమిది నెలలు గడిచాయి. పరీక్ష రోజు సాయంత్రం అతను సైకిలు తోసుకుంటూ వచ్చాడు. టైరు పంచరైందట.

"ఏం అడిగారు?"

"ఆఫీసరుగారు మజ్జలో పేజీ తీసినారండి. సదివాను. మళ్ళీ ఎనక పేజీ తీసినారు. అదీ సదివాను. అర్థం హిందీలో సెప్పమంటే సెప్పినాను. 'ఏ ఊళ్ళో చదివావు' అని అడిగినారండి. కోహ్కాలో అన్నాను."

మణిమాల లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

పది రోజులకి ఆర్డరొచ్చింది. సుపేలా బజార్లో కొన్న పేడాల పొట్లంతోపాటు ఆ కాగితాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు అప్పలసూరి. మణిమాల ఆర్డరు రెండుసార్లు చదివింది. దానికి జత చేసిన, ఉద్యోగాలు పడ్డప్పటి నోటీసు కూడా చదివింది. మూడో పేరా దగ్గర ఆగిపోయింది.

"పరీక్ష ఇంగ్లీషులోనే ఇవ్వాలని లేదు కదయ్యా. హిందీలో గానీ మాతృభాషలో గానీ ఇవ్వొచ్చని ఉందిక్కడ. రూల్సు పుస్తకం తెలుగులో కూడా ఇస్తారట."

"అవునండి. మా యార్డులో మనోళ్ళు పదకొండు మందీ తెలుగులోనే ఇచ్చినారు."

"నీకు పరీక్ష రోజు తెలిసిందా?"

"నేదండి. ముందే తెలుసు."

ఆవిడకు కోపం వచ్చింది. ఎండలో ఆ సైకిలు, ఆ బొగ్గు మొహం, ఎనిమిది నెలల నలభయ్యేసి మాటలు, అన్నీ గుర్తొచ్చాయి. "తెలిసి తెలిసి ఎందుకయ్యా ఇంత యాతన పడ్డావు? ఒక్క నెలలో హాయిగా తెలుగు పుస్తకం చదువుకుని వెళ్ళేవాడివి కదా."

అప్పలసూరి వరండా గచ్చు వైపు చూశాడు.

"తెలుగు సదవడం నాకు రాదమ్మా."