ఆగిన చినుకులు

కంప్యూటర్ మళ్లీ ముందే ముగించేసింది.

వయొలిన్ పిల్ల కమాను ఇంకా తీగ మీదే ఉంది.

"అయిపోయిందే తల్లీ! వాన వెలిసిపోయింది, నువ్వింకా గొడుగు పట్టుకుని నిలబడ్డావ్," అన్నాడు అన్నయ్య, హాలు వెనక బల్ల దగ్గర నుంచి.

వాన అంటే నిజం వాన కాదు. ఎవరో ఎప్పుడో రేకుల కప్పు మీద పడే చినుకుల చప్పుడు పట్టుకుని, కంప్యూటర్‌లో సాగదీసి, మెలిపెట్టి, ఒక సంగీతంగా కట్టారు. దానితో పాటు ఒక వయొలిన్ వాయించాలి. అన్నయ్య మీట నొక్కగానే వాన మొదలవుతుంది. ఇక చివరిదాకా ఎవరు బతిమాలినా ఆగదు.

అదే చిక్కు.

చివర్లో వయొలిన్ ఒంటరిగా ఒక్క స్వరాన్ని పట్టుకుని సన్నగా సాగాలి. అది తీగలోనే కరిగిపోయాక, చినుకులన్నీ ఒక్కసారిగా కురవాలి. ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఒళ్లు మరిచిపోయేది. చినుకులు ఆమె కోసం చూడకుండా కురిసి వెళ్లిపోయేవి.

"అక్కడ కొంచెం ఆపి వదలకూడదా టీచర్?"

"కట్టినవాళ్లు ఎలా పెట్టారో అలాగే. వెంట్రుకవాసి కూడా కదపకూడదు. నువ్వే ఆ స్వరం తగ్గించుకో."

"తగ్గిస్తే అది చచ్చిపోతుంది టీచర్."

"తగ్గించకపోతే కాలేజీలో నీ సీటు చచ్చిపోతుంది. సాయంత్రం కచేరీలో పరీక్ష పెట్టేవాళ్లు ముందు వరుసలోనే కూర్చుంటారు, గుర్తుందా?"

టీచర్ ఫోన్ మోగితే మాట్లాడుతూ బయటికెళ్లింది. వీళ్లు మళ్లీ మొదలుపెట్టారు.

ఈసారి మధ్యలో టక్, టక్ అని ఏదో చప్పుడు.

చివరి వరుసలో జుట్టు నెరిసిన ఒకావిడ కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద వేలితో కొడుతోంది. అదీ సరిగ్గా కాదు. కంప్యూటర్‌లో చినుకు పడ్డాక, కాస్త ఆగి కొడుతోంది.

పిల్ల కమాను దించేసింది. ఏడుపొక్కటే తక్కువ.

"పెద్దమ్మగారూ, మీవాళ్ల వంతు ఎప్పుడో గానీ, కాసేపు బయట కూర్చోరూ. నాకు లెక్క తప్పుతోంది."

"నీ లెక్క బాగానే ఉందమ్మా. అదే తొందరపడుతోంది."

"కంప్యూటర్ తొందరపడదండీ."

"తొందరపెట్టి వదిలినవాళ్లు ఉంటారుగా."

అన్నయ్య ఫక్కున నవ్వాడు. "నీ తరఫున వాదించేవాళ్లు దొరికారే చెల్లీ!"

పిల్లకు ఒళ్లు మండింది. "మీకు సంగీతం వచ్చా అండీ?"

"ఒకప్పుడు వచ్చనే అనుకునేదాన్ని."

"అయితే మమ్మల్ని వదిలేయండి. నా సీటు పోతుంది ఇక్కడ."

ఆవిడ లేచింది. చెప్పులు వేసుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్లిపోయింది.

సాయంత్రానికి హాలు నిండింది. దీపాలు తగ్గాయి. వెనక బల్ల చీకట్లో కలిసిపోయింది.

వాన మొదలైంది.

పిల్ల వాయించింది. ఒకచోట వేలు తడబడి వెనకపడింది. వానా వెనకపడ్డట్టు అనిపించింది. భ్రమ అనుకుంది. ఇంకోచోట ధైర్యం వచ్చి ముందుకు దూకింది. వానా దూకింది.

చివరి స్వరం వచ్చింది.

తగ్గించు, తగ్గించు అని పక్క నుంచి టీచర్ చేత్తో సైగలు చేస్తోంది.

పోతే పోనీ సీటు, అనుకుంది పిల్ల. కమానును నిదానంగా లాగింది.

చినుకులు పడలేదు.

ఇంకా లాగింది. పడలేదు. ముందు వరుసలో ఒకాయన రాస్తున్న కలం ఆపేశాడు. స్వరం దారమంత అయింది, ఈకంత అయింది, చివరికి వినబడిందో లేదో తెలియనంత అయింది.

పిల్ల తలెత్తి, గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

అప్పుడు కురిసింది వాన. హాలు హాలంతా తడిసి ముద్దయినట్టు కురిసింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కలం ఆపిన పెద్దాయన వేదిక దగ్గరికే వచ్చాడు.

"ఈ సంగీతం చాలాసార్లు విన్నానమ్మా. అది ఒకరి కోసం ఆగడం మాత్రం ఇవాళే విన్నాను. కాలేజీ తెరవగానే వచ్చి చేరిపో."

పిల్ల వయొలిన్‌తో సహా వెనక బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"అన్నయ్యా, చూశావా! ఆగింది! నాకోసం ఆగింది!"

"అది ఆగలేదే. ఆపారు."

"ఎవరు, నువ్వా?"

"నాకంత సీను లేదు. పొద్దున నువ్వు తరిమేసిన పెద్దమ్మ. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, వాననంతా ముక్కలు ముక్కలుగా కోసి పెట్టుకుంది. ఇందాక ఇక్కడే నిలబడి, నీ కమాను చూస్తూ ఒక్కో ముక్కా వదిలింది. నువ్వు ఊపిరి తీసుకుంటే తనూ తీసుకుంది."

"ఏదీ, ఎక్కడ?"

"చప్పట్లు మొదలవగానే వెళ్లిపోయింది."

పిల్ల వీధిలోకి పరిగెత్తింది. వీధిలో చాలామందే ఉన్నారు. నెరిసిన తలలూ ఉన్నాయి. ఆవిడ లేదు.

తిరిగొచ్చేసరికి టీచర్ అన్నయ్యను దులిపేస్తోంది.

"వెంట్రుకవాసి కదపొద్దన్నానా లేదా? దారిన పోయేవాళ్లు అడిగితే కంప్యూటర్ అప్పగించేయడమేనా?"

"నేనూ అదే అన్నాను టీచర్. కట్టినవాళ్లకు తెలిస్తే ఊరుకోరు అన్నాను," అంటూ అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "అప్పుడావిడ నవ్వి, 'ఇది కట్టినప్పుడు నాది మీ చెల్లి ఈడే బాబూ, ఆగడం అప్పటికింకా నేర్చుకోలేదు' అంది."