తనిఖీ పిట్ట

పింఛను తనిఖీకి ఏటా ఇంటికొచ్చే ఎగిరే యంత్రాన్ని మా వీధిలో పిట్ట అంటారు. అది వచ్చే రోజు నాకు ముద్ద దిగదు. మా అమ్మాయి చిన్మయికి పుట్టినప్పటినుంచీ కుడిచెయ్యి లేవదు. ఆ చేతి వైద్యమంతా పింఛనుతోనే. చెయ్యి బాగానే ఉందని పిట్ట రాసుకుపోతే మా గతేం కాను?

ఈ ఏడు పిట్ట కిటికీలోంచి వచ్చి బీరువా మీద వాలింది.

"అర్జీదారు కుడిచెయ్యి ఎత్తాలి."

చిన్మయి పళ్లు బిగించింది. దానికి అన్నం పెట్టేటప్పుడు నా నోరు కూడా తెరుచుకున్నట్టే, ఇప్పుడు నా కుడిచెయ్యి కూడా సగం లేచి ఆగిపోయింది.

"పేరు చెప్పాలి."

"చి... చి..." అన్నాను నేనే, కంగారులో.

"అమ్మా, అది అడిగేది నన్ను! నువ్వు కూర్చుని మంచినీళ్లు తాగు" అని చిన్మయి ఎడమచేత్తో గ్లాసు నా నోటికి అందించింది.

పిట్ట మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"నమోదైంది. వికలాంగురాలు, తల్లి. సంరక్షకురాలు, కూతురు. పింఛను సంరక్షకురాలి ఖాతాకు" అని తుర్రుమంది.

"దీని మొహం మండ! ఇప్పుడెలాగే?"

"డబ్బొస్తుందిగా, ఏడవకమ్మా. ఇకనుంచి నువ్వు నా మాట వినాలి, అంతే."

పింఛను ఆగలేదు, వైద్యమూ ఆగలేదు. కానీ వచ్చే ఏడు నా చెయ్యి బాగైపోయిందని పిట్ట కనిపెడితే? అందుకే ఇప్పటినుంచే గిన్నెలు ఎడమచేత్తో తోముతున్నాను.